ఆస్ట్రేలియా ప్రభుత్వం, రాజ్యాంగం: మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చినవాళ్లకు

ప్రశ్న: అన్నలకు, అక్కలకు నమస్తే. హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చాం. ప్రధాని, ప్రీమియర్, గవర్నర్ జనరల్, పైన ఇంగ్లండ్ రాజు! ఏ పని ఎవరిదో అంతుపట్టడం లేదు. రాజ్యాంగం చదవమంటారా?

జవాబు: తప్పకుండా చదువు తమ్ముడూ. 1901 నుంచి అమల్లో ఉన్నది, 128 సెక్షన్లే, మనదానితో పోలిస్తే చాలా చిన్నది. అయితే అందులో ప్రధానమంత్రి అన్న పదవే కనపడదు. దిగువ సభలో మెజారిటీ ఉన్న నాయకుణ్ణి, రాజు ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలవడం ఆనవాయితీ, అంతే. 1975 నవంబర్ 11న, సెనేట్ బడ్జెట్‌ను ఆపి కూర్చున్నప్పుడు, గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధాని గఫ్ విట్లమ్‌ను పదవి నుంచి తీసేశారు. దిగువ సభలో ఆయనకు మెజారిటీ ఉంది, అయినా తీసేశారు. ఇక్కడివాళ్లు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటారు.

నీ రోజువారీ పనులకు పనికొచ్చేది 51వ సెక్షన్. కేంద్రం ఏయే విషయాల మీద చట్టాలు చేయవచ్చో చాలావరకు అందులోనే ఉంటుంది. మిగిలినవి రాష్ట్రాలవి. మన దగ్గర ఏ జాబితాలోనూ లేనివి కేంద్రానికి పోతాయి, ఇక్కడ తిరగేసి. (మన ఉమ్మడి జాబితా ఆలోచన ఇక్కడి నుంచి తెచ్చుకున్నదే.) అందుకే వీసా, ఇన్‌కమ్ ట్యాక్స్, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కేంద్రానివి. ప్రభుత్వ ఆసుపత్రులు నడిపేది, స్కూళ్లు, పోలీసులు, డ్రైవింగ్ లైసెన్స్, అద్దె ఇంటి నిబంధనలు మన మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వానివి, దాని ముఖ్యమంత్రినే ప్రీమియర్ అంటారు. చెత్త డబ్బాలు కౌన్సిల్‌వి, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. ఇంటి ఓనర్‌తో బాండ్ (అద్దె అడ్వాన్సు) తగాదా వస్తే ఫెడరల్ ఎంపీకి రాసి లాభం లేదు. వీసా ఫైలు కదలకపోతే మాత్రం ఆయన ఆఫీసుకే రాయి, ఓటు లేకపోయినా రాయొచ్చు.

రాజ్యాంగాన్ని మార్చడం పార్లమెంటు ఒక్కదాని చేతిలో లేదు. రిఫరెండం పెట్టాలి. దేశం మొత్తంమీద మెజారిటీ రావాలి, ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింట్లోనూ రావాలి. ఇప్పటిదాకా 45 ప్రతిపాదనలు పెడితే నెగ్గినవి 8. ఆదివాసీలకు రాజ్యాంగంలో స్థానం కల్పించాలన్న 2023 ‘వాయిస్’ ప్రతిపాదన ఆరు రాష్ట్రాల్లోనూ ఓడింది. ఆ చర్చ గురించి చదువు. ఈ నేల ఎవరిదో తెలియకుండా ఇక్కడి రాజకీయం తెలియదు.

మరో జవాబు: అన్న చెప్పినదానికి ఓటు సంగతి కలుపుతాను. పీఆర్‌తో (శాశ్వత నివాస వీసాతో) ఫెడరల్ ఓటు రాదు, సిటిజన్‌షిప్ కావాలి. వచ్చాక ఓటు వేయడం తప్పనిసరి, సరైన కారణం లేకుండా వేయకపోతే జరిమానా.

దిగువ సభకు ఇచ్చేది ఆకుపచ్చ కాగితం. మనకి అలవాటైనట్టు ఒక్కరికి గుర్తు పెట్టి వచ్చేయకండి. ఎనిమిది మంది నిలబడితే 1 నుంచి 8 వరకు గడులన్నీ నింపాలి. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవారిని తప్పించి, వాళ్ల ఓట్లను రెండో నంబరు పడ్డవాళ్లకు పంచుతారు. మన ఎమ్మెల్యేలు రాజ్యసభ ఎన్నికల్లో నంబర్లు వేస్తారే, ఆ తరహా. కాబట్టి గెలవరని తెలిసినా నచ్చినవారికే నిశ్చింతగా 1 వేయొచ్చు, ఓటు వృథా కాదు.

సెనేట్‌ది తెల్ల కాగితం, బాగా పొడుగు. కాగితం మీద అడ్డంగా ఉండే గీతకు పైన కనీసం ఆరు పార్టీలకు 1 నుంచి 6 వేస్తే చాలు. చిన్న టాస్మానియాకైనా, పెద్ద న్యూ సౌత్ వేల్స్‌కైనా 12 మందే సెనేటర్లు.

సిటిజన్‌షిప్ పరీక్షలో 20 ప్రశ్నలు, 75 శాతం రావాలి. విలువల మీద అడిగే ఐదింటికి మాత్రం ఒక్కటి తప్పినా ఫెయిలే. హోమ్ అఫైర్స్ సైట్‌లో ఉచితంగా దొరికే పుస్తకం చాలు, కోచింగ్‌కి డబ్బు కట్టకండి.