మళ్లీ కోవిడ్ నాటి లాంటి రోజులు వస్తే ఇంట్లోని పెద్దవాళ్లకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న: అలిపిరిదారి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా మామగారికి 2020లో 74 ఏళ్లు. అప్పటివరకు ఆయన ప్రతి నెలా మొదటి శనివారం అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు వెళ్లేవారు. మిగతా రోజుల్లో సాయంత్రం కపిలతీర్థం దాకా నడిచి వెళ్లి, దారిలో ఇద్దరు ముగ్గురు స్నేహితులతో మాట్లాడి వచ్చేవారు. ఆ ఏడాది మార్చి 20న కొండపై భక్తులకు దర్శనాలు ఆపేశారు, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ పెట్టారు. జూన్ 11న సామాన్య భక్తులకు దర్శనాలు మళ్లీ మొదలైనా, 65 ఏళ్లు దాటినవారు రావద్దనే అన్నారు. మేము కూడా భయపడి ఆయనను గడప దాటనివ్వలేదు. పాలు, కూరలు, మందులు అన్నీ గుమ్మం దగ్గరికే తెప్పించాము. ఆయన పొద్దంతా టీవీ ముందు కూర్చునేవారు, మధ్యాహ్నం రెండు మూడు గంటలు పడుకునేవారు, రాత్రిళ్లు నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లేవారు.

ఆయనకు కోవిడ్ రాలేదు. దాని గురించి మాకు సంతోషమే. కాని 2021 చివరికి వచ్చేసరికి చెయ్యి ఆనించకుండా మంచం మీద నుంచి లేవలేని స్థితికి చేరారు, ఒకసారి స్నానాల గదిలో జారి పడ్డారు. ఆ తరువాత కొండ మెట్ల మాటే ఎత్తలేదు. ఇప్పుడు ఎక్కడ కొత్త జ్వరం వార్త వచ్చినా ఆయన ముఖంలో ఒక రకమైన కంగారు కనిపిస్తుంది. అది జబ్బు గురించిన భయం కాదని, మేము మళ్లీ తలుపు వేసేస్తామేమోనన్న భయమని మా అత్తగారు అంటారు.

అందుకే ముందుగానే అడుగుతున్నాను. మళ్లీ మహమ్మారి వస్తే, ఇంట్లో ఉంటూనే పెద్దవాళ్ల ఒంట్లో సత్తువ తగ్గకుండా తిండి, నడక, నిద్ర, మందుల విషయంలో ఏమేమి చెప్పాలి? చెప్పేటప్పుడు వారు చిన్నబుచ్చుకోకుండా ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరు.

జవాబు: కాలిసత్తువ

అమ్మా, నేను పాతికేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మీరు రాసినటువంటి కాళ్లను 2021, 2022లలో వరుసగా చూశాను. వయసు మళ్లినవారి కండ ఎంత త్వరగా కరిగిపోతుందో మనం తేలికగా తీసుకుంటాము. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు పూర్తిగా మంచం మీద ఉంచి పరీక్షిస్తే, వారి కాళ్లలో సుమారు 1 కిలో కండ తగ్గినట్టు తేలింది. మీ మామగారు మంచాన పడలేదు, కాని నెలల తరబడి కూర్చునే గడిపారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరం. 65 దాటినవారు దానికి తోడు వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే శక్తిని, కండబలాన్ని పెంచే పనులు చేయాలి. నడక ఒక్కటే చాలదని దీని అర్థం. ఇంట్లో అందరికీ పనికివచ్చేది కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం. రెండు చేతులూ ఎదపై కట్టుకుని నెమ్మదిగా లేవాలి, అంతకన్నా నెమ్మదిగా కూర్చోవాలి. మొదట ఐదుసార్లతో ఆరంభించి, తేలికగా అనిపించినప్పుడు ఒకటి రెండు పెంచుకుంటూ పోవాలి. చేతుల ఊతం లేకుండా లేవలేనివారు మొదట ఊతంతోనే చేయవచ్చు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, అదే గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడడం కూడా మంచివే. ఇవన్నీ ఎవరో ఒకరు పక్కన ఉండగా చేయాలి.

నడకకు మిద్దె ఉంటే మిద్దె, లేకపోతే వరండా. అయితే లాక్‌డౌన్ వచ్చింది వేసవి ముంగిట్లో. తిరుపతి ఎండ ఎలాంటిదో మీకు చెప్పనక్కరలేదు. ఉదయం ఏడు లోపే ముగించాలి. మిద్దె మెట్లకు పట్టుకునే కమ్మీ లేకపోతే ఆ ఆలోచన మానుకోండి. నడక కోసం వెళ్లి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవారినీ చూశాను. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ ఇప్పుడే వేయించండి, దానికి మహమ్మారి రానక్కరలేదు.

జవాబు: చిత్తూరు మందులపెట్టె

నేను చిత్తూరులో జనరల్ మెడిసిన్ వైద్యుడిని. పై జవాబుతో ఏకీభవిస్తూ, తిండి, మందుల సంగతి రాస్తాను.

మన జిల్లాల్లో పెద్దవాళ్లకు సంగటి మీద గొప్ప నమ్మకం. అది మంచి నమ్మకమే. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాని మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే. వయసు పెరిగేకొద్దీ కండ నిలవాలంటే రోజుకు శరీర బరువులో కిలోకు 1 గ్రాము, వీలైతే ఇంకొంచెం ఎక్కువ మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు అన్నమాట. సంగటి ముద్దలో పచ్చి పులుసు పోసుకుని తింటే అది నిండదు. పప్పు, ఉలవలు, అలసందలు, వేరుశనగ, పెరుగు, తినేవారికి గుడ్డు తోడవ్వాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుడిని అడగకుండా ఈ లెక్క పాటించకూడదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలి. ఇంట్లో కట్టిపడేసిన రోజుల్లో ఊరగాయ జాడీ ఎంత త్వరగా ఖాళీ అయిందో గుర్తు చేసుకోండి.

వయసు మీద పడినవారికి దాహం సరిగా తెలియదు. అడిగితే 'దప్పిక లేదు' అంటారు, అది నిజమే చెబుతారు. అందుకని అడగడం కాకుండా, గుండె, మూత్రపిండాల జబ్బులతో నీళ్లపై ఆంక్ష లేనివారికి వేళకు ఒక గ్లాసు మజ్జిగో నీళ్లో చేతికివ్వడం మేలు.

మందుల్లో రెండు తప్పులు ఎక్కువగా చూశాను. 2020లో కొన్ని రకాల రక్తపోటు మాత్రలు కోవిడ్‌ను ముదురుస్తాయన్న మాట పాకి, కొందరు వాటిని మానేశారు. మానవద్దని హృద్రోగ నిపుణుల సంఘాలు అప్పుడే చెప్పాయి. రెండవది దీనికి తలకిందులు. జ్వరంతో తిండి సగానికి తగ్గినా, గ్లిమెపిరైడ్ వంటి చక్కెర వ్యాధి మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుని, తెల్లవారుజామున రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారు ఉన్నారు. తిండి తగ్గిన రోజునే వైద్యుడికి ఫోన్ చేయాలి.

జబ్బు లక్షణాల విషయంలో ఇంట్లోవారు తెలుసుకోవలసినది ఒకటుంది. పెద్దవారిలో జ్వరం, దగ్గు రాకుండానే జబ్బు ముదరవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తినడం మానేసినా, పొంతన లేకుండా మాట్లాడినా, పగలంతా మగతగా పడి ఉన్నా, కారణం లేకుండా కింద పడినా, 'వయసు కదా' అని వదిలేయకూడదు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో 94 కన్నా తక్కువ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వేలు చల్లగా ఉంటే కాసేపు రుద్ది, కూర్చోబెట్టి మళ్లీ చూడండి. ఇక టీకాలు: 2021 మార్చి 1న 60 దాటినవారికి మొదలుపెట్టినప్పుడు వెనకాడినవారిలో చాలామంది ఏప్రిల్, మే నెలల్లో పరుగులు పెట్టారు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి ఇప్పుడే మీ వైద్యుడిని అడగండి.

జవాబు: చంద్రగిరి తాత

నాకు 76 ఏళ్లు, బడిపంతులుగా చేసి దిగిపోయినవాడిని. ఇక్కడ అందరూ పెద్దవాళ్లకు చెప్పేవారే కనిపిస్తున్నారు, చెప్పించుకున్నవాడి మాట కూడా ఒకటి ఉంటే బాగుంటుందని రాస్తున్నాను.

డాక్టరుగారు రాసినవన్నీ నిజమే. కాని అవన్నీ ఒక్క పూటలో చెబితే నాబోటివాడికి రెండే గుర్తుంటాయి, అవి కూడా తప్పుగా. 2020లో మా అమ్మాయి హైదరాబాదు నుంచి రోజూ ఫోన్ చేసి 'నాన్నా, బయటికి వెళ్లలేదు కదా' అని అడిగేది. 'లేదమ్మా' అనేవాడిని. పాలకేంద్రం దాకా వెళ్లి, అక్కడ నలుగురితో అరగంట కూర్చుని వచ్చేవాడిని, ఆ కూర్చోవడం కూడా రేకుల గదిలో, మూతి గుడ్డ గడ్డం కిందకు దించుకుని. వద్దన్న ప్రతిసారీ అబద్ధం ఒకటి పెరిగింది, అంతే.

మా ఊరి ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మ మాత్రం వేరే విధంగా అడిగింది. 'అయ్యా, రోజు మొత్తంలో మీరు మానుకోలేనిది ఏది?' అని. కాసేపు ఆలోచించి, పాలు కాదు, కబుర్లు అన్నాను. అయితే ఆ గదిలో వద్దు, వేపచెట్టు కింద కూర్చోండి, ఇద్దరి కంటే ఎక్కువ వద్దు, రెండు బారల దూరం, మాస్కు ముక్కు మీద ఉండాలి, అరగంట చాలు అంది. మూసిన గదిలో ఊపిరి గాలి నిలిచిపోతుందని, ఆరుబయట అది చెదిరిపోతుందని అగరుబత్తి పొగను చూపించి చెప్పింది. చివరికి 'ఇప్పుడు మీరు నాకు పాఠం చెప్పండి' అని నా చేతనే అంతా చెప్పించింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నవాడిని కాబట్టి నవ్వొచ్చింది, కాని చెప్పేటప్పుడే ఎక్కడ తప్పుగా విన్నానో తెలిసింది.

ఇంకొక మాట. నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఎదుటివారి పెదవుల కదలిక చూసి సగం పోల్చుకుంటాను. మాస్కులు వచ్చాక ఆ సగం పోయింది. మతిమరుపు వచ్చిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ముసలివాడు తలూపితే అర్థమైందని అనుకోవద్దు. కళ్లద్దాల మీద ఆవిరి పట్టి గడప కనిపించక తూలిన సంగతి ఫిజియోథెరపీ ఆయన రాయలేదు, అది కూడా చేర్చుకోవాలి.

అమ్మా, మీ మామగారికి ఏం చెప్పాలని మీరు మమ్మల్ని అడిగారు. ముందు ఆయనను అడిగారా?

అలిపిరిదారి

తాతగారూ, మీ ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే అడగలేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను. మానుకోలేనిది ఏదంటే కొండ అంటారనుకున్నాను. ఆయన మాత్రం 'సాయంత్రం చెప్పులు వేసుకోవడం' అన్నారు. ఎక్కడికి అన్నది ముఖ్యం కాదట, ఆ వేళకు చెప్పులు వేసుకుని ఇంట్లో నుంచి బయటపడడం కావాలట. మా వీధి చివర ఖాళీ స్థలం ఉంది, సాయంత్రం ఐదున్నర తరువాత అక్కడ ఎవరూ ఉండరు. అప్పట్లో రోజూ అక్కడి దాకా మాస్కుతో పంపించి ఉండవచ్చు. మాకు తట్టలేదు.

డాక్టరుగారు రాసిన లక్షణాలను మా అత్తగారికి రోజుకు ఒకటి చొప్పున చెప్పి, మళ్లీ ఆవిడ చేతనే చెప్పించుకుంటున్నాను. కుర్చీలో నుంచి లేవడం ఇవాళ ఉదయం మొదలుపెట్టాము. చేతులు కట్టుకుని మూడుసార్లు లేచారు, నాలుగోసారి కుర్చీ వెనక్కి జరిగింది. మా దగ్గర ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీలు. వాటితో ఫరవాలేదా?

కాలిసత్తువ

ప్లాస్టిక్ కుర్చీ వద్దమ్మా. బరువైన చెక్క కుర్చీ, చేతులున్నది, వెనుక భాగం గోడకు ఆనించి వేయండి. నున్నటి బండల మీద అది కూడా జారుతుంది కాబట్టి కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించండి. కూర్చున్నప్పుడు మోకాళ్ల కంటే తుంటి కిందికి ఉండేంత పల్లపు కుర్చీ అయితే మీద గట్టి దిండు ఒకటి వేయండి. ఈ వారమంతా మూడుసార్లే చాలు. నాలుగోది ఆయన అడిగినప్పుడు చేయించండి.