ముసలి పిల్లికి థైరాయిడ్: ఫోమ్ దుమ్మా, బోరు నీళ్లా?

మిర్యాలగూడ మార్జాలం:
పదేండ్లు దాటిన పిల్లి గిన్నె నాకి నాకి తింటది, అయినా వెన్నుపూస చేతికి తగుల్తది. మన జిల్లాల అందరు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ అనే అంటున్నరు. అది తప్పు లెక్క. పిల్లులకు వచ్చేది థైరాయిడ్ ఎక్కువయ్యే జబ్బు. ఫ్లోరైడ్ దాన్ని తగ్గించే దిక్కే గుంజుతది. ఒకప్పుడు యూరప్‌ల మనుషులకు థైరాయిడ్ ఎక్కువైతే దాన్నే మందుగ ఇచ్చిన్రు. నా అనుమానమంత ఫోమ్ మీద. మంట అంటుకోకుండ సోఫాల్ల కలిపే రసాయనాలు దుమ్ముల రాల్తయి, పిల్లి ఒళ్లు నాక్కుంటది. 2007ల అమెరికాల 23 పిల్లుల రక్తం చూస్తే, పీబీడీఈ అనే ఆ రసాయనాలు అక్కడి పెద్దోళ్ల కన్న 20 నుంచి 100 రెట్లు ఉన్నయి.

పాలమూరు పశువైద్యం:
పీబీడీఈలు కొవ్వుల దాగుంటయి. పిల్లి చిక్కితే కొవ్వు కరిగి అవి రక్తంలకు దిగుతయి. రక్తంల ఎక్కువుండుడు జబ్బు వల్లనే కావచ్చు గదా?

మిర్యాలగూడ మార్జాలం:
అందుకే 2019ల అమెరికాల ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటోళ్లు రక్తం జోలికి పోకుండ, 78 పిల్లుల మెడకు వారం రోజులు, చుట్టు ఉన్న రసాయనాల్ని పీల్చుకునే సిలికాన్ బిళ్ల కట్టిన్రు. జబ్బు పిల్లుల బిళ్లల్ల టీడీసీఐపీపీ ఎక్కువ దొరికింది. అది కూడ ఫోమ్‌ల వాడేదే. అక్కడ కొవ్వు మాటే లేదు.

పాలమూరు పశువైద్యం:
సంబంధం ఉన్నట్టు ఒప్పుకుంట, కారణమని ఒప్పుకోను. ఈ వాదనల పడి టీ4 (రక్తంల థైరాయిడ్ హార్మోన్) పరీక్ష మాత్రం ఆపొద్దు. గొంతు పక్కన వేలితో మెల్లగ రాస్తే శనగగింజంత గడ్డ జారుతదా చూడండి. థైరాయిడ్ తగ్గించే మెథిమజోల్ గోలీ మామూలుగ 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లతోని మొదలువెడ్తరు. మోతాదు డాక్టరే చెప్పాలె. రెండు మూడు వారాలకు టీ4 తోటి, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ కూడ చూడాలె. థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు కిడ్నీలకు రక్తం ఉరుకుతది, వాటి దెబ్బ కనపడదు. మందు పడంగనే బయటపడ్తది. గోలీ నూరొద్దు. గర్భిణులు దాన్ని ముట్టొద్దు.

దేవరకొండ:
పొడి చీపురుతోని ఊడిస్తే దుమ్ము లేచి మళ్ల పిల్లి బొచ్చు మీదనే కూసుంటది. తడిబట్ట పెట్టండి, టీవీ వెనక కూడ. సోఫా కుట్టు విచ్చి పసుపుపచ్చ పొడి రాల్తుంటే అది ఫోమే, కవర్ కుట్టియ్యండి. పండుకునే కాడ నూలు బొంత ఏసి వారం వారం ఉతకండి. మరి నీళ్లు మార్చాల్నా?

పాలమూరు పశువైద్యం:
ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన బోరైతే మార్చండి, భగీరథ నీళ్లు పొయ్యండి. అది పండ్లు, బొక్కల కోసం. థైరాయిడ్ కోసం కాదు.