ఆసుపత్రి సిబ్బందికి టీకాను ఉద్యోగ షరతుగా పెట్టడం న్యాయమేనా?

వార్డు ఇన్‌ఛార్జి నర్సు (ప్రశ్న):
మేము పనిచేసే ఆసుపత్రిలో, ఏటా ఇచ్చే ఇన్‌ఫ్లూయెంజా టీకా వేయించుకోనివారికి ఇకపై వార్డు డ్యూటీ వేయబోమని నోటీసు అంటించి, నా కింద పనిచేసేవారందరి చేతా దాని మీద సంతకాలు చేయించే పని నాకు అప్పగించారు. నేను ఏటా వేయించుకుంటాను. అయినా ఈ కాగితం పట్టుకుని తిరగడానికి మనసొప్పడం లేదు. వద్దంటున్నవారిలో నాకు పని నేర్పినవారు కూడా ఉన్నారు. టీకాను ఉద్యోగానికి ముడిపెట్టడం న్యాయమేనా?

ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ విభాగం డాక్టరు:
న్యాయమే అంటాను. ఇన్‌ఫ్లూయెంజా సోకిన మనిషి తనకు జ్వరం రాకముందే, సుమారు ఒక రోజు ముందునుంచే, వైరస్‌ను ఇతరులకు అంటించగలడు కాబట్టి "ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెడతాను" అనే మాట రోగిని కాపాడదు. పైగా సెలవు పెట్టేవారెందరు? పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి వచ్చేవారినే ఎక్కువగా చూశాను, వారిలో నేనూ ఒకణ్ణి. అమెరికాలో సియాటిల్ నగరంలోని వర్జీనియా మేసన్ వైద్య కేంద్రం 2005లో ఈ టీకాను ఉద్యోగ షరతుగా పెట్టాక సిబ్బందిలో టీకా వేయించుకున్నవారు 97 శాతం దాటారు. పోస్టర్లతో, ఉపన్యాసాలతో ఎన్నేళ్ళు బతిమాలినా అంత రాదు.

ల్యాబ్ టెక్నీషియన్:
డాక్టరు గారూ, టీకాలన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. ఒక రాత్రి షిఫ్టు చివర్లో, రక్తం తీసిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదని తెలిసీ పెట్టబోయాను. గ్లవ్ లోపల, చూపుడు వేలి కొసన ఆవగింజంత రక్తపు చుక్క కనిపించింది. ఆ రోగికి హెపటైటిస్ బి ఉంది. టీకా లేనివారికి అలాంటి గాయం వల్ల ఆ వైరస్ సోకే అవకాశం, రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి, 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవి విషయంలో అది సుమారు 0.3 శాతం. మూడు డోసులూ ఆరు నెలల్లో పూర్తిచేసి, యాంటీబాడీలు రక్షణకు కావలసిన 10 యూనిట్ల (లీటరు రక్తరసికి) గీత దాటాయని పరీక్ష కూడా చేయించుకుని ఉన్నాను కాబట్టి ఆ ఉదయం ఇంటికి వెళ్ళి నిద్రపోగలిగాను. ఆ టీకాకు మా ల్యాబ్‌లో ఎవరినీ బలవంతపెట్టనక్కర్లేదు. ఇన్‌ఫ్లూయెంజా టీకా మాత్రం, ఆ ఏటి వైరస్ రకాలకు బాగా సరిపోయినప్పుడు కూడా, 40 నుంచి 60 శాతం రక్షణే ఇస్తుంది, మరుసటి ఏడు మళ్ళీ వేయించుకోవాలి. ఈ లెక్క తెలిసినవారు తటపటాయిస్తే దాన్ని అజ్ఞానం అనలేం.

2003 జనవరిలో అమెరికా, మశూచిని ఎవరైనా ఆయుధంగా వాడతారేమోనన్న భయంతో, సుమారు 5 లక్షల మంది వైద్య సిబ్బందికి మశూచి టీకా వేయాలని తలపెట్టింది. వేయించుకున్నది 40 వేల మంది లోపే. 1977 తర్వాత సహజంగా ఎవరికీ సోకని జబ్బు అది; టీకా వేసిన చోటి పుండు నుంచి వైరస్ రోగులకు అంటుకునే వీలుంది; గుండె కండరాల వాపు లాంటిది వస్తే పరిహారం ఎవరిస్తారన్నది మొదట్లో తేల్చనే లేదు. అప్పుడు వెనకాడిన డాక్టర్లనూ నర్సులనూ టీకా వ్యతిరేకులు అందామా?

ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ విభాగం డాక్టరు:
మశూచి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇన్‌ఫ్లూయెంజా ఏటా వచ్చే జబ్బు, మీ లెక్కలో రోగి ఎక్కడా కనిపించలేదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటూ రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి టీకా వేసినా సరిగా పనిచేయకపోవచ్చు, తన మంచం దగ్గరికి ఎవరు రావాలో ఎంచుకునే వీలూ లేదు. చట్టాల వైపు చూస్తే తేలేదేమీ లేదు: కోవిడ్ టీకా వేయించుకోని సిబ్బందిని ఫ్రాన్స్ 2021 సెప్టెంబరు నుంచి విధులకు దూరం పెట్టింది, ఇంగ్లండ్ అలాంటి నిబంధననే 2022 మార్చిలో రద్దు చేసుకుంది.

వార్డు ఇన్‌ఛార్జి నర్సు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నోటీసు పక్కనపెట్టి, వద్దన్నవారిని ఒక్కొక్కరినే కారణం అడిగాను. టీకా బల్ల ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకే ఉంటుంది కాబట్టి నైట్ డ్యూటీ వారు దానికోసం నిద్ర మానుకోవాలి. కాంట్రాక్టు మీద పనిచేసే ఆయమ్మలు మర్నాడు ఒళ్ళునొప్పులతో రాలేకపోతే ఆ రోజు జీతం పోతుంది. ఆ మాట పైకి చెప్పలేక "నాకు టీకా పడదు" అన్నారు. గర్భంతో ఉన్న ఒక నర్సు బిడ్డకేమవుతుందోనని భయపడుతున్నారు. గర్భిణులకు ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోందని ఆమెకు ఎవరూ చెప్పలేదట, అదీ ఆసుపత్రిలో! బల్లను డ్యూటీ మారే వేళకు వార్డులోకే తెప్పించాను, మర్నాటి సెలవుకు జీతం కోయబోమని కాగితం రాయించాను. ఆ వారంలోనే దాదాపు అందరూ వేయించుకున్నారు.

మిగిలింది ఒక్క సీనియర్ నర్సు. ఆమెకు భయమూ లేదు, తీరిక లేకా కాదు. "అడిగితే వేయించుకునేదాన్ని, బెదిరించారు కాబట్టి వేయించుకోను" అంటున్నారు. వచ్చే వారం రోస్టర్‌లో ఆమె గడి ఇంకా ఖాళీగానే ఉంచాను. డాక్టరు గారూ, ఆమెను కీమో వార్డు నుంచి తప్పించి రికార్డుల గదికి పంపితే మీరన్న న్యాయం జరిగినట్టేనా? ఆ వార్డులో సూదికి నరం దొరకని రోగులు పేరు పెట్టి పిలిపించుకునేది ఆమెనే.