అప్‌డేట్: బండి మీంచి పడ్డ నాన్న తలనొప్పి గురించి

బండి మీంచి పడ్డ మూడు వారాలకి నాన్నకి తలనొప్పి, మతిమరుపు మొదలయ్యాయి, వయసు వల్లేనా అని అడిగాను కదా. కాదు. స్కాన్ తీయించమని మీరన్నా రెండ్రోజులు నాన్చాను, తప్పు నాదే. సోమవారం పొద్దున ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలీకుండా గేటు దాకా నడిచారు. అప్పుడు భయమేసింది.

సీటీ స్కాన్‌లో కుడివైపు, పుర్రెకీ మెదడుకీ మధ్య పాత రక్తం పేరుకుని ఉంది. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అట. పెద్ద వయసులో మెదడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి చిన్న దెబ్బకే సన్నటి సిరలు చిట్లి, రక్తం మెల్లగా చేరుతుందట. పైగా గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు) వాడుతున్నారు. పడ్డరోజు వాంతుల్లేవు, స్పృహ తప్పలేదు, అదే మా ధీమా.

పుర్రెకి రెండు రంధ్రాలు పెట్టి తీసేశారు. నిన్న కాఫీలో చక్కెర తక్కువైందని అమ్మని కసిరారు. నెలకి మళ్ళీ స్కాన్.