పీహెచ్‌డీ లేకుండా పరిశోధననే వృత్తిగా చేసుకోవచ్చా?

ప్రశ్న:
నేను జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రయోగశాలలో పని చేయడమంటే ఎంతో ఇష్టం. నాలుగు విడతలుగా శుద్ధి చేసిన ప్రొటీన్, శుద్ధతను పరీక్షించే జెల్ మీద ఒకే ఒక్క గీతగా కనిపించినప్పుడు కలిగే సంతోషం నాకు తెలుసు. అయితే పీహెచ్‌డీ పూర్తి చేసి, ఆ తర్వాత పోస్ట్‌డాక్టరల్ అనే తాత్కాలిక పరిశోధన పదవుల్లో ఏళ్లు గడిపినా శాశ్వత ఉద్యోగం దొరకని సీనియర్లను చూస్తుంటే జంకుగా ఉంది. వేరే మార్గం ఉందా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
ఉంది. 2002లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న కొయిచి తనాకాకు పీహెచ్‌డీ లేదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టాతో జపాన్‌లోని పరికరాల తయారీ సంస్థ షిమాడ్జులో చేరిన ఆయన, ప్రొటీన్ల వంటి పెద్ద అణువులను లేజర్ తాకిడికి చెదిరిపోనివ్వకుండా, విద్యుదావేశం గల అయాన్లుగా మార్చే పద్ధతిని కనుగొన్నారు. ఆ ప్రయోగాల్లో వాడే కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిసిపోతే, ఆ మిశ్రమాన్ని పారబోయకుండా పరీక్షించి చూడటమే దానికి దారితీసింది. అలాగని ఒక్క తనాకాను చూసి నిర్ణయం తీసుకోమని నేను చెప్పను. అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కేంద్రాల్లోనూ, ఔషధ సంస్థల విశ్లేషణ విభాగాల్లోనూ, జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్లతో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ బృందాల్లోనూ ఎమ్మెస్సీతోనే స్థిరపడినవారు ఉన్నారు. పరిశోధన పత్రాల్లో వారి పేర్లు మధ్యలో ఎక్కడో ఉంటాయి గానీ, వారు లేనిదే ఆ పత్రాలు వెలువడవు.

జవాబు 2:
పై జవాబుతో కొంతవరకే ఏకీభవిస్తాను. అటువంటి ఉద్యోగాల్లో ఒక మెట్టు దాటాక పదోన్నతి ఆగిపోవడం సాధారణం, ఏ ప్రశ్నను శోధించాలో నిర్ణయించేది ఎప్పుడూ మరొకరే. సొంత ప్రశ్నతో నిధులు కోరి, బృందాన్ని నడపాలన్న కోరిక మీకు ఉంటే పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి.

అప్పుడు విశ్వవిద్యాలయం పేరు కంటే మార్గదర్శకుడి ఎంపికే ముఖ్యం. ఆయన వద్ద చదివి వెళ్లిపోయినవారిని, వీలైతే మధ్యలో మానేసినవారిని కూడా, విడిగా పలకరించండి. డిగ్రీకి ఎన్నేళ్లు పట్టింది, పరిశోధన పత్రాల్లో మొదటి రచయితగా పేరు ఎవరికి దక్కింది, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని అడగండి. అనుమతి తీసుకొని ఆ ప్రయోగశాల వారపు సమావేశంలో ఒకసారి వెనుక కూర్చోండి. ప్రయోగం విఫలమైందని విద్యార్థి చెప్పగానే, పోలిక కోసం ఉంచిన కంట్రోల్ నమూనా ఎలా వచ్చిందని అడిగే గురువు ఒకరు, నువ్వు సరిగా చేయలేదని తేల్చేసే గురువు మరొకరు. ఆ తేడా ఏ వెబ్‌సైటులోనూ కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సొంత ప్రశ్న ఉందో లేదో నాకే ఇంకా స్పష్టంగా తెలియదు. అలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు 3:
ఏదైనా ప్రయోగశాలలో ప్రాజెక్టు సహాయకులుగా ఏడాది పాటు పని చేయండి. జీతం తక్కువే ఉంటుంది. ఆ వ్యవధిలో గణాంక శాస్త్రం, కొంత పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఏ దారిలోనైనా పనికివస్తాయి. అప్పగించిన పని ముగిశాక కూడా ఫలితాల్లో పొంతన కుదరని ఒక అంకె మిమ్మల్ని వదలకుండా వెంటాడుతూ ఉంటే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయండి. పరికరాన్ని కచ్చితంగా పని చేయించడంలోనే తృప్తి దొరికితే మొదటి జవాబులోని ఉద్యోగాలు చూసుకోండి.