లాన్‌లో వేరుపురుగు: మందు చల్లాలా, నెమటోడ్లు వదలాలా?

ఎడిసన్_ఇల్లు
నమస్కారం అండీ. మాది న్యూజెర్సీ. సెప్టెంబర్ వచ్చేసరికి వెనక లాన్‌లో మూడు చోట్ల గడ్డి ఎండిపోయింది. నీళ్లు చాలలేదనుకుని వారం రోజులు పెట్టాను. నిన్న చేత్తో పట్టి లాగితే చాపలా చుట్టుకొచ్చేసింది, కింద వేళ్లే లేవు. మట్టిలో తెల్లగా, గోధుమరంగు తలతో ముడుచుకుని పడుకున్న పురుగులు. రాత్రిళ్లు స్కంక్‌లు (పిల్లి అంత ఉండే కంపుకొట్టే జంతువులు) వచ్చి వాటి కోసం తవ్విపోతున్నాయి. ఏడాదిన్నర పాప ఉంది, రోజూ ఆ గడ్డిలోనే ఆడుతుంది. పక్కింటాయన మందు సంచి తెచ్చి చల్లమంటున్నాడు, మా ఆవిడ రసాయనాలు వద్దే వద్దంటోంది. మీరు ఏం వాడారు, ఏమైంది, చెప్పండి.

కొలంబస్_తోట
ముందు లెక్కపెట్టండి. ఎండిన చోటు మధ్యలో కాదు, పచ్చగడ్డి మొదలయ్యే అంచున. చదరపు అడుగు గడ్డిని మూడు వైపులా పారతో కోసి, మూతలా ఎత్తి, కింద రెండు మూడు అంగుళాల మట్టి వెతకండి. ఐదులోపు ఉంటే బాగున్న లాన్ తట్టుకుంటుంది. పది దాటితే ఏదో ఒకటి చేయక తప్పదు. నేను లెక్కపెట్టకుండా మూడేళ్లు వరసగా మందు చల్లాను. తర్వాత చూస్తే అడుగుకి రెండే. పిల్లలు తిరిగే చోట అవసరం లేని మందు వేశానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బాపట్ల_ఏజీ
సంచి మీద పెద్దక్షరాలు కాదు, అడుగున చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

క్లోరాంట్రానిలిప్రోల్ అయితే ఏప్రిల్, మే నెలల్లో వేసేది. అది కరిగి వేళ్ల దాకా దిగడానికి వారాలు పడుతుంది, వేసవిలో గుడ్లు పగిలే వేళకు అక్కడ కాచుకుని ఉండాలి. ఇప్పుడు ఎదిగిన పురుగు మీద వేస్తే డబ్బు దండగ. ఇమిడాక్లోప్రిడ్ జూన్, జులైల్లో వేసేవాళ్లు. కానీ తేనెటీగల్ని కాపాడటానికి మీ రాష్ట్రంలో తెచ్చిన చట్టం 2023 అక్టోబర్ చివరి నుంచి అమల్లో ఉంది, ఇంటి లాన్‌కి అది కుదరదు. పాత సంచి గరాజ్‌లో ఉన్నా వాడకండి. ఇక ఇప్పుడు కనపడే పురుగును రెండు మూడు రోజుల్లో చంపేది ట్రైక్లోర్‌ఫాన్. ఆర్గానోఫాస్ఫేట్ అది, నాడుల మీద పనిచేస్తుంది. పాప ఉందన్నారు కదా, నేనైతే ముట్టుకోను.

పిట్స్‌బర్గ్_అక్క
నెమటోడ్లు (మట్టిలో వేరుపురుగుల్ని చంపే నులిపురుగులు) రెండుసార్లు వాడాను. మొదటిసారి ఏమీ జరగలేదు. పార్సిల్ మధ్యాహ్నమంతా గుమ్మం ముందు ఎండలో ఉంది, నేను మర్నాడు పొద్దున ఎండెక్కాక కొట్టాను. అవి ప్రాణమున్న సన్నటి పురుగులు, ఎండ తగిలితే చచ్చిపోతాయి. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

రెండో ఏడు ఆగస్టు చివర్లో తెప్పించి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం లాన్ బాగా తడిపి, స్ప్రేయర్‌లో జాలీ తీసేసి, పొద్దుగూకాక కొట్టి, మళ్లీ నీళ్లు పెట్టాను. రెండు వారాలు మట్టి ఆరనివ్వలేదు. తర్వాత తవ్వితే చచ్చిన పురుగులు ఇటుకరంగులో దొరికాయి. అడుగుకి పదకొండు ఉండేవి నాలుగుకి తగ్గాయి. పూర్తిగా పోలేదు, కానీ గడ్డి నిలబడింది. హెటెరోరాబ్డిటిస్ బాక్టీరియోఫోరా అనే రకమే అడగండి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే స్టైనెర్నీమా కార్పోకాప్సే మట్టి పైపైనే ఉంటుంది, వీటికి అంతగా పనిచేయదు.

మేరీలాండ్_మామ
మిల్కీ స్పోర్ (పురుగుకు జబ్బు తెచ్చే బాక్టీరియా పొడి) ఎవరూ చెప్పలేదేం? ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుందంటారు, పూర్తిగా సేంద్రియం.

బాపట్ల_ఏజీ
మామగారూ, ఆ బాక్టీరియా జపనీస్ బీటిల్ అనే పెంకుపురుగు పిల్లకు మాత్రమే జబ్బు తెస్తుంది. మిగతా రకాల జోలికి పోదు. నేలలో పెరగడానికే ఏళ్లు పడుతుంది, కెంటకీలో చేసిన పరీక్షల్లో పెద్దగా ఫలితం కనపడలేదు కూడా. సేంద్రియం కాబట్టి పనిచేస్తుందనీ, రసాయనం కాబట్టి అన్నీ ఒకటేననీ అనుకోకండి. అదే కెంటకీలో, లాన్‌లో క్లోవర్ పూల మీద వాలిన బంబుల్‌బీల తుట్టెల్ని పరిశీలించారు. నియోనికోటినాయిడ్ (ఇమిడాక్లోప్రిడ్ వర్గం మందు) కొట్టిన చోట తుట్టెలు దెబ్బతిన్నాయి, క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టిన చోట తేడా రాలేదు. అయితే నీళ్లలోని చిన్న ప్రాణులకు అదీ విషమే. ఇంటి వెనక వాగు ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

అనంతపురం_టు_డెలావేర్
మా నాయన వచ్చినప్పుడు ఈ పురుగును చేతిలోకి తీసుకుని, "ఇది మన శనక్కాయ చేలో వేరుపురుగే కదరా" అన్నాడు. జాతి వేరు, కుటుంబం ఒకటే. వేరుపురుగు ఎదిగితే పెంకుపురుగు అవుతుంది. తొలకరి వాన పడగానే అవి లేచి రాత్రి వేపచెట్ల మీద వాలేవి. ఊరంతా కొమ్మలు దులిపి కిరోసిన్ నీళ్లలో వేసేవాళ్లం. విత్తనానికి క్లోర్‌పైరిఫాస్ పట్టించడం కూడా చూశాను. ఆ మందును అమెరికాలో ఇళ్ల వాడకం నుంచి 2000 తర్వాత తప్పించారు.

ఇక్కడ జులైలో గులాబీల మీద బీటిల్స్ కనపడితే నాయన పద్ధతే నాది. పొద్దున్నే మొద్దుగా ఉంటాయి, సబ్బునీళ్ల డబ్బాలోకి దులిపేస్తాను. వాసన ఎర సంచులు మాత్రం కట్టకండి, పక్క వీధి బీటిల్స్ కూడా మీ ఇంటికే వస్తాయి. ఇంకోటి, గుడ్లకు తడి కావాలి. జులైలో నీళ్లు ఆపేస్తే చాలా గుడ్లు ఎండిపోతాయి. గడ్డి కాస్త రంగు మారుతుంది, చావదు.

ఎడిసన్_ఇల్లు
అందరికీ ధన్యవాదాలు. నాలుగు చోట్ల తవ్వాను: పన్నెండు, తొమ్మిది, మూడు, ఒకటి. మొదటి రెండూ ఎండ బాగా పడే వైపు. నెమటోడ్లు ఆర్డర్ పెట్టాను, పార్సిల్ వచ్చే రోజు ఇంట్లోనే ఉంటాను. ఆ వైపు మాత్రమే కొడతాను. మొత్తం లాన్‌కి అక్కర్లేదనిపిస్తోంది. అక్కా, ఈ నెలలోనే ఫెస్క్యూ అనే గడ్డి గింజలు కూడా చల్లాలనుకుంటున్నాను, మట్టి ఎలాగూ తడిగా ఉంచాలి కదా. రెండూ ఒకేసారి చేయొచ్చా?

పిట్స్‌బర్గ్_అక్క
చేయొచ్చు తమ్ముడూ. ముందు చచ్చిన గడ్డిని పళ్లున్న రేక్‌తో గీకి తీసేయి, లేకపోతే నీళ్లు కిందికి దిగవు. గింజలు చల్లి, అదే సాయంత్రం నెమటోడ్లు కొట్టు. నేల 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడకముందే అయిపోవాలి.