బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ని యూవీ టార్చ్‌తో పట్టుకోవచ్చా?

ప్రశ్న (కనిగిరి దగ్గర నుంచి):
స్కూల్లో సైన్స్ చెప్తానండి. మా పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ గార చారలు చూస్తే కడుపు తరుక్కుపోద్ది, ఏ బోరు తాగొచ్చో ఏది వద్దో వాళ్లకి కళ్లారా చూపించాలని ఉంది. నీళ్లలో ఏదో డై కలిపి యూవీ లైట్ వేస్తే విషం ఉన్నచోట వెలుగుద్దని, ఫోన్ కెమెరాతో కొలవచ్చని చదివా. ఊళ్లోనే చేసుకోగలమా?

జవాబు (ఒంగోలు, నీళ్ల టెస్టింగ్ పని):
ఫ్లోరైడ్‌కి కష్టం మాస్టారూ. ఆ డైల్లో ఒక రకం ఏంటంటే, వెలిగే అణువుకి సిలికాన్ మూత బిగిస్తారు, మూత ఉన్నంతసేపు వెలగదు, ఫ్లోరైడ్ వచ్చి సిలికాన్‌ని పట్టుకుని మూత లాగేస్తే అప్పుడు వెలుగుద్ది. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటుకుని ఉంటాయి, అందుకే వేరే సాల్వెంట్‌లో (నీళ్లు కాని కరిగించే ద్రవంలో) బ్రహ్మాండంగా వెలిగిన డై బోరు నీళ్లకొచ్చేసరికి మొరాయిస్తది. దీనికి రంగు మారే జిర్కోనియం కిట్టే నయం, ఫ్లోరైడ్ ఉంటే ఎరుపు రంగు పసుపుకి తిరుగుద్ది, కిట్ రంగుల కార్డు పక్కన పెట్టి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో చూసుకోవచ్చు. పాదరసం సంగతి వేరు, దాని హద్దు లీటరుకి 0.001 మిల్లీగ్రామే, అంత కొంచేనికి వెలిగే డైలు పనికొస్తాయి, రోడమిన్ అనే డైల్లో కొన్ని రకాలు పాదరసం తగిలితేనే వెలుగుతాయి.

జవాబు (నెల్లూరు, కెమిస్ట్రీ పీజీ):
ఫోన్‌తో చేసేటప్పుడు ఒక మాట సార్. లోపల నల్లరంగు వేసిన అట్టపెట్టె, పక్క నుంచి 365 నానోమీటర్ల టార్చ్, పైన కెమెరాకి బెజ్జం, ఇంతే. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) లాక్ చెయ్యకపోతే ఫోనే వెలుతురు సర్దేసుకుంటది, ఇంక ఆ కొలతకి అర్థమే లేదు. డిస్టిల్డ్ వాటర్, కొలవాల్సిన పదార్థం తెలిసిన మోతాదులో కలిపిన నీళ్లు, మీ శాంపిల్, మూడు సీసాలూ ఒకే ఫోటోలో పడాలి. డై వెయ్యకముందు కూడా ఒక ఫోటో తియ్యండి, ఎందుకంటే సబ్బుపొడిలో బట్టలు తెల్లగా కనపడ్డానికి కలిపే రసాయనం తనంతట తనే నీలంగా మెరుస్తది, మురుగు కలిసిన కాలవ నీళ్లు పిల్లలకి దీంతోనే చూపించొచ్చు, డై అక్కర్లేదు. యూవీ మాత్రం పిల్లల కళ్లలో పడనీయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్. బోర్లకి కిట్, కాలవకి టార్చ్, రెండూ చేయిస్తా. మా ఊళ్లో చాలామంది కాచి తాగితే చాలంటున్నారు, నిజమేనా?

జవాబు (ఒంగోలు):
కాదండీ, కాస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది. కిట్‌లో హద్దు దాటినట్టు కనిపించిన బోరు నీళ్లు ల్యాబ్‌కి పంపండి, ప్లాస్టిక్ సీసాలోనే, గాజుది వద్దు.